నీలం బల్ల మీద ఎర్ర చాక్

శాంతమూర్తట! అమీర్‌పేటలో మా సందు మొదట కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద, ఆమె ఫొటో కింద అలాగే రాశారు. శాంతమూర్తి, మితభాషి, ఎవరి మనసూ నొప్పించని మనిషి. ఆమె పోయిందన్న సంగతి, ఊరెళ్ళి తిరిగొచ్చాక ఆ ఫ్లెక్సీ చూస్తేనే నాకు తెలిసింది. అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. బాధ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే. చుట్టాలు రాయించి ఉంటారు, కాదనను. కానీ ఆమె మితభాషి అయితే నేను మౌనముని అయి ఉండాలి.

నేను ఏలూరు వైపు నుంచి వచ్చి ఈ సందులో పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ కోర్సులు చెబుతున్నవాణ్ణి. మా ఇన్‌స్టిట్యూట్ రెండో అంతస్తులో ఉంటే, మొదటి అంతస్తులో పూల్ పార్లర్ ఉండేది, క్లాత్ పరిచిన బల్ల మీద బంతుల్ని కర్రతో మూలల్లోని గుంటల్లోకి కొట్టే ఆట. దాని కింద, మెట్ల పక్కన, ఈమె బ్లౌజులు కుట్టే షాపు. యాభై ఏళ్ళ మనిషి. మెడలో ఎప్పుడూ టేపు, పెదాల మధ్య గుండుసూదులు. ఆ సూదులు తియ్యకుండానే మాట్లాడేది. తీసి మాట్లాడిందంటే మాత్రం ఎదుటివాళ్ళు జాగ్రత్తపడాలి.

ఒకసారి మా కొలీగ్ భార్య అక్కడ గొడవ పెట్టుకుంది. "అదేంటమ్మా, పోయినసారి కొలతలేగా ఇచ్చాను! ఇంత బిగుతుగా కుట్టావేంటి?" అంది. ఈమె సూదులు తీసి బల్ల మీద పెట్టింది.

"కొలత గదే మేడం. మనిషి గదే లేరు. జర తక్కువ తింటరా, నేను రెండు కుట్లు ఇప్పాల్నా? ఏది జెయ్యాలె, మీరే చెప్పుండ్రి."

నలుగురు కస్టమర్ల ముందు అన్న మాట అది! ఆవిడ మొహం ఎర్రబడింది, తర్వాత నవ్వేసింది, కుట్లు విప్పించుకుంది, ఆ తర్వాత కూడా అక్కడే కుట్టించుకుంది. ఎందుకంటే ఈమె కుట్టిన జాకెట్టు భుజం మీద ఒక్క ముడత పడేది కాదు.

పార్లర్‌కి ఆమె మొదటిసారి వచ్చింది పోట్లాటకే. కుర్రాళ్ళు మెట్ల మీద గుంపుగా నిలబడితే ఆడవాళ్ళు షాపులోకి రావడానికి ఇబ్బంది పడుతున్నారని చెప్పడానికి పైకి వచ్చింది. చెప్పాల్సింది చెప్పింది. వెళ్ళబోతూ ఒక టేబుల్ దగ్గర ఆగింది. మా స్టూడెంట్ ఒకడు వంగి, మూలనున్న పాకెట్‌లోకి బాల్ కొట్టబోతున్నాడు.

"గది పడది," అంది.

వాడు కొట్టాడు. పడలేదు.

"మీకెలా తెలుసు ఆంటీ?"

"ఆంటీ గీంటీ అనకుండ్రి. అక్క అనుండ్రి, లేకుంటే ఏమనకుండ్రి. బట్టను ఏటవాలుగ కోసేటోళ్ళకు వాలు ఎర్క లేదా?"

"అయితే మీరే కొట్టండి," అని వాడు స్టిక్ చేతికిచ్చాడు, ఎగతాళికి.

ఆమె తీసుకుంది. కొట్టేముందు స్టిక్ మొనకి అందరూ ఏదో రుద్దుతున్నారని అప్పటికే గమనించింది. నడుముకి దోపిన సంచిలోంచి తన సుద్దబిళ్ళ తీసింది. బట్ట మీద గీతలు గీసుకునేది, తెల్లగా, సబ్బుబిళ్ళలా నున్నగా ఉండేది. దాన్నే మొనకి శుభ్రంగా పట్టించింది. అది పనికిరాదని నాకు తెలుసు. ఒక్క మాట చెప్పొచ్చు. చెప్పలేదు. ఏమవుతుందో చూద్దామనే సరదా నాకూ ఉంది. స్టిక్ జారింది, తెల్ల బాల్ పక్కకి ఎగిరి, బల్ల దాటి, బెంచీ కిందికి దొర్లిపోయింది. హాలంతా ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్విన గొంతు నాదే.

ఆమె వంగి బాల్ తెచ్చి, కొంగుతో తుడిచి, బల్ల మీద పెట్టింది. "ఎందుకు జారింది?" అని నన్నే అడిగింది.

"మీ సుద్ద నున్నగా ఉంటుందక్కా. ఈ చాక్ గరుగ్గా ఉంటుంది. మొనకి బాల్ మీద పట్టు దొరకాలిగా, అందుకు."

ఆమె ఆ నీలం చాక్ ముక్క తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూసింది. "మంచిగ నవ్విండ్రు," అంది అందరి వైపూ చూసి. "రేపు సుత వస్త. గప్పుడు సుత నవ్వాలె మరి."

వచ్చింది. మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాకా షాపుకి బేరాలుండవు. షట్టర్ సగం దించి ఆ గంటా పైకి వచ్చేది. రోజు మొత్తంలో ఆమె తనకోసం ఉంచుకున్నది ఆ గంటే. పొద్దున్న ఎనిమిదింటి నుంచి మిషన్ మీద వంగి ఉండేది, మళ్ళీ రాత్రి దాకా అదే. "ఈడ సుత వంగుడే గదా అక్కా," అని ఎవరో అంటే, "ఆడ ఇంకొకరి కోసం వంగుత. ఈడ నా కోసం," అంది. రెండు నెలలయ్యేసరికి నవ్వేవాడు లేడు. నాలుగు నెలలకి కుర్రాళ్ళు ఆమెతో ఆడడానికి సాకులు వెతుక్కోవడం మొదలైంది.

ఇక చాక్ సంగతి. పూల్ ఆడేచోట బల్ల మీద పరిచిన క్లాత్ ఏ రంగో, చాక్ కూడా అదే రంగుది పెడతారు. పొడి రాలినా మరక కనపడదని. మా పార్లర్‌లో క్లాత్ నీలం. ఓనరు భీమవరం వైపు ఆయన, శుభ్రత పిచ్చి ఉన్న మనిషి. ప్రతి టేబుల్ అంచు మీదా నీలం చాకులు రెండేసి వరసగా పేర్చి ఉంచేవాడు. మాకెవరికీ అదొక విషయమే కాదు. ఆమెకి మాత్రం గొంతులో అడ్డం పడింది.

"గదేంది సారు? బట్ట నీలం, సుద్ద నీలం. ఏం కనబడ్తది?"

"కనబడకూడదనే అక్కా."

"కనబడనీకే గద సుద్ద! నల్ల బట్ట మీద నల్ల సుద్దతోని గీస్తనా నేను? గీత కనబడకుంటే కత్తెర ఏడ పెట్టాలె?"

"ఇక్కడ కత్తెరతో పనేముంది?"

"తప్పుతోని పనుంది గదా. నా స్టిక్కు తగలరాని దానికి తగిలిందనుకోండ్రి. ఎట్ల తెల్వాలె?"

"ఎవరికి తెలియాలి?"

"తగిలించినోళ్ళకు," అంది. ఆ మాటకి నేను సరదాగా తల ఊపాను, అంతే.

తర్వాతి వారం ఎర్ర చాక్ కొనుక్కొచ్చింది. దానికోసం మూడు స్పోర్ట్స్ షాపులు తిరిగిందట. "బల్ల ఏం రంగని అడుగుతుండు. నీలం అంటె నీలమే తీస్తుండు. అది గాదు భయ్యా, దానికి పడని రంగు ఇయ్యి అన్న. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు," అని గర్వంగా చెప్పింది.

ఓనరు ఆ మర్నాడే పట్టుకున్నాడు. "ఏంటమ్మా ఇది! బల్లంతా కుంకుమ చల్లినట్టుంది!"

"నేను దులుపుత," అంది. రోజూ మూడింటికి ఐదు నిమిషాల ముందే ఆట ఆపి, బ్రష్ తీసుకుని, క్లాత్ నేత ఎటుందో అటే మెల్లగా దులిపేది. ఆమె దులిపిన బల్ల మేం ఆడిన బల్లకన్నా శుభ్రంగా ఉండేది, ఆ మాట ఒప్పుకోవాలి. ఓనరుకి అయినా మనసొప్పలేదు. ఎర్ర పొడి కళ్ళబడ్డప్పుడల్లా గొణుక్కునేవాడు.

ఆ ఎర్ర చాక్‌తో ఆమె చేసే పని ఇంకొకటుంది. మా పార్లర్ రూల్ ప్రకారం, ఆడే మనిషి స్టిక్ తెల్ల బాల్‌కి తప్ప వేరే దేనికి తగిలినా ఫౌల్. తెల్ల బాల్ ఎదుటివాళ్ళ చేతికి ఇచ్చేయాలి. వాళ్ళు దాన్ని ఇష్టమైన చోట పెట్టుకుని కొడతారు. నిజానికి ఇలాంటి తగలడాలు సగం ఎవరికీ తెలియవు. నీలం మరకలు అన్ని బాల్స్ మీదా ఉంటాయి, ఏది ఎప్పటిదో ఎవడు చెప్పగలడు? ఒకరోజు ఆమె గెలుపు అంచున ఉండగా కొట్టి, ఆగి, పక్కనున్న పసుపు బాల్ చేతిలోకి తీసుకుంది. దాని మీద ఎర్రగా చిన్న గీర.

"ఇగో, తగిలింది. నాదే తప్పు. నువ్వు కొట్టు," అని ఎదుటి కుర్రాడికి తెల్ల బాల్ అందించింది.

"అక్కా, నేను చూడనే లేదు!" అన్నాడు వాడు.

"నువ్వెందుకు చూడాలె? నేను చూస్కున్న."

ఆ ఆట ఓడిపోయింది. పిచ్చి మనిషి అనుకున్నాం అందరం. నేను కూడా.

ఓనరు కొత్త క్లాత్ వేయించిన రోజు గొడవ ముదిరింది. ఇక మీదట నీలం చాక్ తప్ప ఏదీ కుదరదని తేల్చేశాడు. ఆమె ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు.

"ఆడి తేల్చుకుందం. మీ దిక్కుకెల్లి ఎవరినన్న పెట్టుండ్రి. నేను గెలిస్తే నా చాక్ నాదే, మీరు మల్ల నోరు తెరవొద్దు. ఓడితే గీ మెట్లు మల్ల ఎక్క. మీ నీలం చాక్ మాత్రం ముట్ట."

ఓనరు నా వైపు చూశాడు. "సార్, మీరు ఆడండి."

కాదనొచ్చు. అనలేదు. మొహమాటం అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను, అదంతా వట్టిది. ఆమెని ఓడించాలని నాకే ఉంది. అప్పటికి నన్ను మూడుసార్లు ఓడించింది, నా స్టూడెంట్ల ముందే.

మర్నాడు రెండింటికి మా బ్యాచ్ కుర్రాళ్ళు ఇరవైమంది గోడ చుట్టూ చేరారు. ఆట చివరికొచ్చింది. నా వాటా బాల్స్ అన్నీ పడ్డాయి, ఎవరికైనా చివర్న పడాల్సిన నల్ల బాల్ ఒక్కటే మిగిలింది, అది పడితే గెలుపు. ఆమెకి నారింజ గీత ఉన్న బాల్ ఒకటి, తర్వాత నల్లది. నా వంతు. తెల్ల బాల్ వెళ్ళి ఆమె నారింజ బాల్‌కి దాదాపు అంటుకుని ఆగి ఉంది. దాని మీదుగా స్టిక్ ఎత్తి కొట్టాలి. ఎత్తాను, గురి చూసుకుంటూ ముందుకీ వెనక్కీ ఆడించాను. మొన నారింజ బాల్‌కి తగిలింది. ఆ తగిలిన స్పర్శ స్టిక్ పొడుగునా వచ్చి నా వేళ్ళకి తెలిసింది. బాల్ కదల్లేదు. నాది నీలం చాక్, ఎవరూ గమనించలేదు.

"తగిలిందా సారు?" అంది ఆమె. బల్లకి అవతలి పక్క నిలబడి ఉంది, తనకి సరిగ్గా కనపడే అవకాశం లేదు.

"లేదక్కా," అన్నాను.

"సరే. మీరు అన్నరు గద," అంది.

కొట్టాను. నల్ల బాల్ పడింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు, ఓనరు నా చెయ్యి ఊపాడు. ఆమె ఎర్ర పొడి దులిపి, స్టిక్ గోడకి ఆనించి దిగిపోయింది. ఒక్క మాట మాట్లాడలేదు. మితభాషి అని రాసినవాడు ఆ ఒక్కరోజు చూసి రాసి ఉంటే మాత్రం వాడిది తప్పు కాదు.

మూడు వారాల తర్వాత బ్యాంకు పని మీద పంజాగుట్ట వెళ్ళాను. మధ్యాహ్నం రెండు దాటింది, మండుటెండ. మెట్రో స్తంభాల పక్కన ఫుట్‌పాత్ మీద మెడలో టేపుతో దాదాపు పరుగు లాంటి నడకతో వస్తోంది. పలకరిస్తే ఆగకుండానే, "ఆడనీకి పోతున్న సారు, వస్తే రాండ్రి, నిలబడనీకి టైం లేదు," అంది. అక్కడ ఒక సెల్లార్‌లో ఇంకో పార్లర్ ఉంది. అమీర్‌పేట నుంచి నడిచి రావడానికి ఇరవై నిమిషాలు, పోవడానికి ఇరవై. గంటలో ఆమెకి ఆట మిగిలేది ఇరవై నిమిషాలే. మిగతాదంతా నేను తినేశాను. అబద్ధం ఒక్క మాటే, లేదక్కా అని. దానికి ఆమె రోజూ నలభై నిమిషాలు ఎండలో నడుస్తోంది.

నేనూ వెంట వెళ్ళాను. ఆ సెల్లార్‌లో బల్ల మీద క్లాత్ ఎర్రది. అంచు మీద ఎర్ర చాకులు. ఆమె వాటిని ముట్టుకోలేదు. సంచిలోంచి తన చాక్ తీసింది. నీలం!

"అదేంటక్కా, నీలం ముట్టనన్నారుగా!"

"ఆ బల్ల మీద ముట్టనన్న. గీ గుడ్డ ఎర్రగ లేదా? నాకు రంగుతోని ఏం పని సారు. కనబడాలె, అంతే."

ఇంక నావల్ల కాలేదు. "అక్కా, ఆ రోజు తగిలింది," అన్నాను.

"ఎర్కే," అంది చాక్ రుద్దుకుంటూ.

"తెలుసా? మరి ఎందుకు ఊరుకున్నారు?"

"నాకు కండ్ల కనబడలే. మీ మొకంల కనబడ్డది. మొకం చూసి ఫౌల్ అనొస్తదా? అది మీరు చెప్పేది, నేను అడిగేది గాదు. అయిన ఒకపారి అడిగిన."

"తప్పయిపోయిందక్కా. క్షమించండి."

అప్పుడు తలెత్తింది. గుండుసూదులు తీసినప్పటి చూపు అది. "ఈడ నా చెవుల చెప్తే ఏం ఫాయిదా? గాడ ఎంతమంది ముంగట లేదన్నరో, గంతమంది ముంగట అవునని చెప్పుండ్రి. లేకుంటే ఫికర్ చెయ్యకుండ్రి, నడుసుడు నాకు అలవాటైంది."

నాలుగు రోజులు పట్టింది నాకు. క్లాసులో నిలబడి వందమందికి పాఠం చెప్పే నోరు, ఒక్క మాటకి పెగల్లేదు. ఐదో రోజు మధ్యాహ్నం పార్లర్‌లో, కుర్రాళ్ళందరూ ఉండగా చెప్పేశాను. ఆ రోజు నా స్టిక్ తగిలింది, ఆమె అడిగితే అబద్ధమాడాను, ఆ గెలుపు గెలుపు కాదు అని. మా స్టూడెంట్ ఒకడు "సార్, మీరా?" అన్నాడు. వాడి మొహం చూడలేకపోయాను.

"పోనీలెండి సార్, ఆటేగా," అన్నాడు ఓనరు.

నా సిగ్గంతా కోపమైంది. "ఆటే అయితే ఆమెని ఎందుకు పంపించేశారండీ? చెప్పండి! ఎర్ర పొడి ఆమె రోజూ దులిపి పోయేది. నేను చేసింది ఎవరు దులుపుతారు?" అని అరిచాను. ఆయన తనే కిందికి దిగి ఆమె షాపుకి వెళ్ళాడు.

మర్నాడు రెండింటికి ఆమె మెట్లెక్కి వచ్చింది. ఎవరికీ నమస్కారం లేదు, పలకరింపు లేదు. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి నల్ల బాల్ ఒకచోట పెట్టింది. జానతో అంచు నుంచి కొలిచి, రెండు వేళ్ళు జరిపింది. నారింజ బాల్ ఇంకోచోట పెట్టింది. ఆ రోజు అవి సరిగ్గా అక్కడే ఉన్నాయి. నెలరోజులైనా ఆ కొలత మర్చిపోలేదు.

"ఫౌల్ సారుది. తెల్లది నా చేతికి రావాలె," అంది.

ఇచ్చాను. ఎర్ర చాక్ రుద్దుకుంది, నాలుగుసార్లు, మెల్లగా. నారింజ బాల్ పడేసింది. ఇక నల్లది. కొంచెం కష్టమైన వాలు, అయినా ఆమెకి కొట్టిన పిండే. హాల్లో ఒక్కడూ కదల్లేదు. పడాలి, పడాలి అని నేనే లోపల మొక్కుకున్నాను. కొట్టింది.

పడలేదు. పాకెట్ మూతి దాకా వచ్చి ఆగిపోయింది. అంతా అయ్యో అన్నారు.

"కొట్టుండ్రి సారు."

"అక్కా..."

"జాలి పడ్డరంటే మాత్రం మర్యాద దక్కది. కొట్టుండ్రి."

కొట్టాను. చిన్నపిల్లాడు కూడా తప్పలేని దెబ్బ అది. నల్ల బాల్ పడింది. ఈసారి ఎవరూ ఈల వెయ్యలేదు.

ఆమె బ్రష్ తీసుకుని బల్ల దులిపింది, చాక్ సంచిలో వేసుకుంది. ఓనరు ఎదురొచ్చాడు. "అమ్మా, మీరు రోజూ రండి. మీ చాక్ మీరే వాడుకోండి. నాకేం అభ్యంతరం లేదు. నిజంగా చెబుతున్నాను."

"మీరు ఇడిసిపెడితే ఆడనీకి నేను రాలే," అంది ఆమె. "ఆ రోజు నేను ఓడలే. గది అందరికీ తెల్వాలె, తెలిసింది. ఇయ్యాల ఓడిన. ఓడితే రానన్న, రాను."

"ఇది మొండితనం కాకపోతే ఏంటక్కా? కింద షాపు పెట్టుకుని ఎండలో పంజాగుట్ట దాకా నడుస్తారా?" అన్నాను నేను.

"మొండితనమే. ఉండనీయుండ్రి, నాదే గద." మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "సారు, గాడికే పోతున్న. ఇయ్యాల షాపు జర లేటుగ తెరుస్త. వస్తరా, ఒక్క ఆట?"

"వస్తానక్కా."

"ఈసారి తగిలితే చెప్తరు గద?"

"చెప్తాను," అన్నాను, ఇరవైమంది వినేంత గట్టిగా. తర్వాత చెప్పులేసుకుని ఆమె వెనకాలే మెట్లు దిగాను.